మంచు కొండ మనకి లేదు... మరి వరదో?

మంచు అనే మాటని మనం ఎన్నింటికి వాడేస్తామో ఎప్పుడైనా గమనించారా? ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు వేస్తుంటే కొబ్బరిచెట్ల మధ్య పొగలా కమ్ముకునేదీ మంచే. గడ్డిపరకల మీద బొట్లు బొట్లుగా నిలిచేదీ మంచే. మామిడిపూత మాడిపోతే ‘మంచు పట్టేసింది’ అంటాం. ఫ్రిజ్ పైగదిలో పేరుకున్నదాన్నీ మంచే అంటాం. హిమాలయాల మీద దూదిలా కురిసేదీ, అక్కడే గట్టిపడి కొండవాలున మెల్లగా జారేదీ కూడా మనకి మంచే! ఇన్నింటికీ ఒక్క మాటతో సరిపెట్టుకున్నామంటే అసలైన మంచుతో మనకి ఏనాడూ పని పడలేదన్నమాట.

అందుకేనేమో, చార్‌ధామ్ యాత్రకి పేర్లు రాయించుకున్న మా వీధి ఆడవాళ్ల కబుర్లలో ఈమధ్య వచ్చిన ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. “ఏవండీ, ఎండలు ముదిరి హిమాలయాల్లో మంచంతా కరిగిపోతోందంటున్నారు కదా! ఆ నీళ్లు కూడా వస్తే మన గోదారి ఇంకా పొంగుతుందాండీ?” అని అడిగింది ఒకావిడ. పక్కనున్న పెద్దావిడ “ఆయ్, మరి ఇరవై రెండులో జులైలోనే వచ్చేసింది కదా వరద!” అని తేల్చేశారు.

చాలా ఏళ్లు బడిలో సోషల్ పాఠం చెప్పినదాన్ని కాబట్టి అందరూ నా వంక చూశారు. జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కాదు. గోదావరిలోకి హిమాలయాల మంచునీరు ఒక్క చుక్క కూడా రాదు. గోదావరి నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికి వస్తుంది. దారిలో మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలుస్తాయి. వీటిలో ఏ నది పుట్టిన కొండ మీదా మంచు పేరుకోదు. మనది పూర్తిగా వాననీటి నది.

కానీ ఆవిడ అనుమానం ఉత్త అమాయకత్వం కాదు. హిమాలయాల్లో మంచుని కరిగించే వేడే మన గోదారి వరదనీ మారుస్తోంది. దారి మాత్రం వేరు. ఆ రెండు దారులూ చెప్పాలంటే ముందు మంచు చేసే పని ఏమిటో తెలియాలి.

కొండ మీద వాటర్ ట్యాంకు

మన పెరట్లో గాబు ఉంటుంది. కుళాయి వచ్చినప్పుడు నింపుకుని తరవాత రోజంతా చెంబుతో ముంచుకుంటాం. చలికాలంలో కొండల మీద కురిసే మంచు సరిగ్గా ఆ గాబులాంటిది. డిసెంబరు, జనవరి నెలల్లో పడింది అక్కడే ఉండిపోతుంది. ఎండలు రాగానే రోజుకి కొంత చొప్పున కరిగి కిందికి దిగుతుంది. గంగ, యమున, సింధు ఎండాకాలంలోనూ ఎండిపోకుండా పారతాయంటే ఈ గాబు పుణ్యమే. పుస్తకాల్లో ‘జీవనదులు’ అని పిల్లల చేత బట్టీ పట్టించేది ఇందుకే.

మంచు కరగడానికి అంత టైము ఎందుకు పడుతుంది? వంటింటి లెక్క ఒకటి చెప్తాను. ఒక కిలో మంచుగడ్డ ఉత్త నీరు కావడానికి పట్టే వేడితో, అంతే నీటిని సున్నా డిగ్రీల నుంచి 80 డిగ్రీల దాకా కాచుకోవచ్చు. అంటే దాదాపు టీ నీళ్లు కాగినంత వేడి, గడ్డ కరగడానికే ఖర్చయిపోతుంది! పైగా కొత్తగా పడిన మంచు తెల్లగా ఉండి ఎండని చాలావరకు వెనక్కి కొట్టేస్తుంది. దాని మీద దుమ్మూ మసీ పడితే ఎండని పీల్చుకుని తొందరగా కరుగుతుంది. తెల్లచీర, నల్లచీర తేడా మనకి తెలిసిందే.

ఇప్పుడు భూమి వేడెక్కుతోంది. ఆ గాబుకి ఏమవుతుంది?

మొదటిది, మంచుగా పడాల్సింది వానగా పడుతుంది. ఒకటి రెండు డిగ్రీల తేడా చాలు, దూది కాస్తా నీళ్లయిపోతుంది. నీళ్లయితే కొండ మీద ఎందుకు ఆగుతాయి? ఆ రోజే, ఆ పూటే లోయలోకి వచ్చిపడతాయి. రెండోది, పడిన మంచు కూడా తొందరగా కరుగుతుంది. మేలో రావాల్సిన నీళ్లు మార్చిలో వచ్చేస్తాయి. నారుకి నీళ్లు కావాల్సినప్పుడు ఏరు వట్టిపోతుంది. మూడోది అన్నిటికన్నా చెడ్డది... ఉన్న మంచు మీద వెచ్చని వాన పడటం.

ఈ మూడోదాని గురించి నేను చదివి ఆశ్చర్యపోయాను. వాననీరు తగిలి మంచు కరుగుతుందనుకుంటాం. అది కొంతే. అసలు పని చేసేది వానతో వచ్చే తడిగాలి. ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసి బల్ల మీద పెడితే ఒంటినిండా చెమట పడుతుంది కదా? గాలిలోని ఆవిరి చల్లని సీసాకి తగిలి నీరవుతోందన్నమాట. అలా ఆవిరి నీరయ్యేటప్పుడు తనలో ఉన్న వేడినంతా అక్కడ వదిలేస్తుంది. మంచు మీద ఒక గ్రాము ఆవిరి అలా నీరయితే, ఆ వేడికి ఏడు గ్రాముల మంచు కరిగిపోతుంది! పైనుంచి వాన, కింద నుంచి కరిగిన మంచు... రెండూ కలిసి ఒక్కసారే దిగుతాయి.

అన్ని చోట్లా వరదలు పెరుగుతాయనుకోకండి. మంచే తగ్గిపోతే, ఉత్త మంచు కరగడం వల్ల వచ్చే వసంతకాలపు వరదలు కొన్ని దేశాల్లో తగ్గుతాయి కూడా. కానీ అది సంతోషించే తగ్గుదల కాదు. గాబు చిన్నదైపోతోందన్నమాట. ఖాట్మండులో ‘ఇసిమోడ్’ అనే సంస్థ ఏటా హిమాలయాల మంచు లెక్క చూస్తుంది. 2025 చలికాలంలో మంచు నిలిచిన తీరు మామూలు కన్నా 23.6 శాతం తక్కువని, 23 ఏళ్లలో అదే కనిష్ఠమని చెప్పింది.

లదాఖ్ ఆడవాళ్లకి ఈ కష్టం మనకన్నా ముందే తెలుసు. విత్తనం వేసే ఏప్రిల్, మే నెలల్లో అక్కడ నీళ్లుండవు. అందుకే సోనమ్ వాంగ్‌చుక్ అనే ఇంజినీరు చలికాలంలో వృథాగా పోయే నీటిని గొట్టంతో పైకి చిమ్మించి, అది గడ్డకట్టి గోపురంలా నిలిచేట్టు చేశాడు. వాటిని ‘మంచు స్తూపాలు’ అంటారు. మన బౌద్ధ స్తూపాల్లాగే ఉంటాయి చూడ్డానికి. వేసవి వచ్చేసరికి మెల్లగా కరిగి చేలకి నీళ్లిస్తాయి. పోయిన గాబుని మనిషి చేత్తో మళ్లీ కట్టుకోవడమే కదా ఇది!

యాత్రకి వెళ్లేవాళ్లకి

2013 జూన్ 16, 17 తేదీలు తలుచుకుంటే తెలుగువాళ్లకి ఇప్పటికీ గుండె జారుతుంది. కేదారనాథ్‌లో ఎందరో మనవాళ్లు చిక్కుకుపోయారు. ఆ సంవత్సరం రుతుపవనాలు ఉత్తరాదికి మామూలు కన్నా చాలా ముందే వచ్చేశాయి. కొండల మీద చలికాలపు మంచు ఇంకా ఉండగానే కుండపోత వాన పడింది. గుడికి పైన చోరాబరీ అనే చిన్న తటాకం ఉండేది. అది నిండి గట్టు తెగింది. అయిదు వేల మందికి పైగా పోయారో, జాడ తెలియకుండా పోయారో. వెచ్చని వాన మంచు మీద పడితే ఏమవుతుందో ఇందాక చెప్పాను కదా, అక్కడ జరిగిన వాటిలో అదీ ఒకటి.

అయితే ప్రతి ప్రమాదాన్నీ మంచు ఖాతాలో రాసేయకూడదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న 24 మంది హైదరాబాద్ విద్యార్థులు కొట్టుకుపోయారు. అది పైనున్న లార్జీ డ్యాం నుంచి హఠాత్తుగా నీళ్లు వదలడం వల్ల. 2021 ఫిబ్రవరి 7న చమోలీ దగ్గర వచ్చిన వరదకి వాన లేదు, ఎండాకాలమూ కాదు. కొండ కొమ్ము నుంచి బండా మంచూ కలిసి విరిగిపడ్డాయి. రెండు వందల మందికి పైగా పోయారు. 2023 అక్టోబరు 4న సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సు తెగి, తీస్తా మీద చుంగ్‌థాంగ్ డ్యాంని తుడిచిపెట్టేసింది. హిమానీనదం కరుగుతూ వెనక్కి తగ్గేకొద్దీ దాని ముందు ఇలాంటి సరస్సులు ఏర్పడి పెరుగుతాయి. రాళ్లూ మట్టీ కుప్పపడ్డ గట్టే వాటికి ఆనకట్ట. సిమెంటు పని కాదు, సున్నం పనీ కాదు.

యాత్రకి వెళ్లొద్దని నేననను. నేను అన్నా మా వీధివాళ్లు మానరు కూడా! రెండు మూడు సంగతులు మాత్రం చెప్పాను. కొండల్లో ఏరు పొద్దున్న ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. పగలంతా ఎండకి కరిగిన మంచునీరు మధ్యాహ్నం దాటాక కిందికి చేరుతుంది. పొద్దున్న రాయి మీద రాయి పెట్టుకుని దాటిన వాగే సాయంత్రం మొలలోతు ఉండొచ్చు. ఏటి ఒడ్డున గది చవగ్గా దొరికిందని దిగొద్దు. పోలీసులు దారి ఆపితే ‘ఇంత దూరం వచ్చి దర్శనం లేకుండానా’ అని గొడవ పడొద్దు. రెండు రోజులు ఎక్కువ ఉండేట్టు చేతిలో డబ్బూ, మందులూ పెట్టుకోవాలి. ఇందులో మగవాళ్ల కన్నా మనమే మొండి, నిజం చెప్పాలంటే!

అమెరికాలోనూ ఇదే బెంగ

కాలిఫోర్నియా అనగానే మనకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు గుర్తొస్తాయి గానీ, ఆ రాష్ట్రం తాగే నీళ్లలో, పండించే పంటలో పెద్ద వాటా సియెరా నెవాడా కొండల మీది మంచుదే. ఏటా ఏప్రిల్ మొదటి తేదీ నాటికి మంచు ఎంత ఉందో చూసి ఆ సంవత్సరానికి నీళ్ల లెక్క వేసుకుంటారు. మనం ఉగాదినాడు పంచాంగంలో వానల ఫలం వినడంలాగా! 2015లో ఆ లెక్క చూడ్డానికి వెళ్లిన గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఎండు గడ్డి మీద నిలబడాల్సి వచ్చింది. మామూలులో 5 శాతమే ఉంది. 2023లో అదే కొండల మీద మామూలుకి రెండింతలకి పైగా పడింది. ఎప్పుడో ఎండిపోయి చేలుగా మారిన తులారే సరస్సు మళ్లీ లేచి పొలాలని ముంచేసింది.

2017 ఫిబ్రవరి సంగతి అక్కడ పిల్లలున్న తల్లులకి గుర్తుండే ఉంటుంది. శాక్రమెంటోకి పైన ఒరోవిల్ అనే డ్యాం ఉంది. 770 అడుగుల ఎత్తు, ఆ దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన డ్యాం. వెచ్చని వానలు మంచుకొండల మీద పడి నీళ్లు ఒక్కసారి వచ్చేసరికి, నీళ్లు దిగే కాంక్రీటు దారి పగిలింది. లక్షా ఎనభై ఎనిమిది వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. ఏ దేశమైనా, ఎంత డబ్బున్నా, అర్ధగంటలో ఇల్లు వదలాలంటే ఆడది ముందు చంటిపిల్లనీ తరవాత కాగితాలనీ వెతుక్కుంటుంది.

మరి మనకేం?

మంచు గాబు లేని మనకి ఉన్న గాబులు మనిషి కట్టినవే. దాళ్వాకి మన డెల్టాకి నీళ్లు చాలకపోతే సీలేరు నుంచి వదులుతారు. ఒకరకంగా చూస్తే సీలేరే మన హిమాలయం. దానికీ వానే ఆధారం.

ఆ వాన తీరు మారిపోతోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అందులో పట్టే ఆవిరి ఏడు శాతం దాకా పెరుగుతుంది. పెద్ద బిందెతో మోసుకొచ్చి పోసినట్టు, పడ్డప్పుడు ఎక్కువ పడుతుంది. మధ్య మధ్య ఎండగడుతుంది. పుణె వాతావరణ సంస్థలో శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్, ఆయన తోటివారు 2017లో ఒక లెక్క తేల్చారు. 1950 నుంచి 2015 లోపు మధ్యభారతంలో విస్తారంగా పడే అతి భారీ వానలు మూడు రెట్లు పెరిగాయట. అరేబియా సముద్రం వేడెక్కి ఎక్కువ తేమ పంపడం దీనికి కారణమన్నారు. మధ్యభారతం అంటే ఎక్కడో కాదు. వార్ధా, వైన్‌గంగ, ఇంద్రావతి పుట్టే చోటు. ప్రాణహితలోకి పడ్డ ప్రతి బిందే చివరికి మన వైనతేయలోకి దిగాల్సిందే.

పెద్ద వరదలు కొత్త కాదు. 1953లో భద్రాచలం దగ్గర 72.5 అడుగులు వచ్చింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు. అప్పుడు ధవళేశ్వరం మీదుగా దాదాపు 35 లక్షల క్యూసెక్కులు దిగాయి. ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. కాబట్టి ‘ఇదివరకు వరదలే లేవు, ఇప్పుడే వచ్చాయి’ అంటే నమ్మొద్దు. 2022లో కొత్తగా అనిపించింది వచ్చిన కాలం. మనకి ఆగస్టు వరద అలవాటు. అప్పటికి పశువుల మేత గట్టు మీదికి చేర్చుకుంటాం, పడవలు సరిచేసుకుంటాం. ఆ ఏడు జులై 16కే భద్రాచలం దగ్గర 71.3 అడుగులు! ధవళేశ్వరం నుంచి పాతిక లక్షల క్యూసెక్కుల పైన వదిలారు. లంకల్లో కూరగాయ పాదులు ఇంకా కాపుకి రాకుండానే పోయాయి.

ఇంకొకటుంది, పుస్తకాలు చదవని లంక ఆడవాళ్లకి పుస్తకాల వాళ్లకన్నా బాగా తెలిసింది. అదే పోటు. వైనతేయ సముద్రంలో కలిసే చోటు మనకి దూరం కాదు. పోటు మీదున్న సముద్రం ఏటి నీళ్లని తోసేస్తుంది. పాటు వచ్చేదాకా వరద దిగదు. 2022లో జులై 13 గురుపౌర్ణమి. పున్నమి పోటు బలంగా ఉన్న రోజుల వెంటే వరద కూడా వచ్చింది. సముద్రమట్టం పెరుగుతున్నకొద్దీ ప్రతి పోటూ ఇంకాస్త ఎత్తు నుంచి మొదలవుతుంది. మంచుకొండలు కరిగిన నీళ్లు చివరికి చేరేదీ ఆ సముద్రంలోకే. వేడికి సముద్రపు నీరు ఉబ్బడం, నేల మీది మంచు కరిగి కలవడం... మట్టం పెరగడానికి ముఖ్య కారణాలు ఈ రెండే. కాబట్టి మా వీధావిడ ప్రశ్నకి ‘కాదు’ అన్న జవాబు సగమే. హిమాలయాల మంచు గోదావరి ఎగువ నుంచి రాదు. సముద్రం వైపు నుంచి, పోటుతో, కొంచెం కొంచెంగా వస్తోంది!

హెచ్చరిక అంటే ఎంత?

మన మండలంలో అప్పనపల్లి, పెదపట్నంలంక వైపు వాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు గానీ, ఊళ్లోకి కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకి తెలియాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి, అంటే 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలకి రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలకి మూడోది. భద్రాచలంలో ఇవే 43, 48, 53 అడుగులు. భద్రాచలం నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. అక్కడి నుంచి మన దగ్గరికి ఇంకొన్ని గంటలు. భద్రాచలంలో తగ్గిందని వినగానే మూటలు విప్పకండి. శబరి కలిసేది భద్రాచలం కింద, కూనవరం దగ్గర.

ఈ ఒకటిన్నర రోజు టైమే ఆడవాళ్ల చేతిలో ఉండేది. దాన్ని ఎలా వాడుకుంటారన్నది లంకల్లో చూశాను. మొదట తాగే నీళ్లు పట్టుకుంటారు. చుట్టూ నీళ్లే, గొంతులోకి చుక్క ఉండదు. తరవాత నిండు గర్భిణిని కాజ్‌వే మునగకముందే పుట్టింటికో, ఆస్పత్రికో పంపిస్తారు. పట్టాదారు పాస్‌బుక్కు, ఆధార్, డ్వాక్రా పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీదికి. బియ్యం, ఉప్పు, అగ్గిపెట్టె, చంటిపిల్లల పాలపొడి, పాముకాటుకి దగ్గర్లో మందు ఎక్కడుందో కనుక్కోవడం. ముంపు ఇంట్లో నీళ్లతోపాటు పాములూ వస్తాయి మరి.

పడవల్లో తెచ్చే సాయంలో బియ్యం, పప్పు, నూనె, కొవ్వొత్తులు ఉంటాయి. నెలసరి గుడ్డలు, చాటుగా వెళ్లిరావడానికి ఒక చోటు... ఇవి జాబితాలో చివరికి కూడా రావు. జాబితా రాసేది మగవాళ్లు కాబట్టి అనుకుంటాను. నాలుగు రోజులు డాబా మీద పదిహేను మంది మధ్య ఉన్న ఆడపిల్ల పొద్దుటి నుంచి చీకటి పడేదాకా మంచినీళ్లు తాగకుండా కూర్చుంటుంది. దీనికి శాస్త్రవేత్తలు అక్కర్లేదు. ప్రతి లంకకీ ఒక డ్వాక్రా సంఘాన్ని కూర్చోబెట్టి జూన్‌లోనే ఆ జాబితా రాయించుకుంటే సరిపోతుంది.

లంకలో ఉన్న మా చుట్టపావిడ ఒకరు వరద రోజుల్లో వరండా గోడ మీద సుద్దముక్కతో రెండే గీస్తుంది. ఒకవైపు భద్రాచలం అడుగులు, పక్కన ఆనాటి తిథి. అమావాస్యకో పున్నమికో దగ్గరగా రెండో హెచ్చరిక పడితే మూడోదాని కోసం చూడదు, గేదెల్ని తోలుకుని ఏటిగట్టు ఎక్కేస్తుంది. మొన్న కలిసినప్పుడు “ఇదివరకు ఆషాఢం పోయాక చూసుకునేవాళ్లం అక్కా, ఇప్పుడు ఏరువాకకే గోడకి సున్నం కొట్టి ఉంచుకుంటున్నా” అంది. అటక మీద గ్యాస్ బండ నిలబడేంత చోటు కూడా చేయించిందట.